పరుగు పందెం షూట్: తలల మీదుగా ఎగరెయ్యమంటున్నారు, ఏం చెప్పాలి?

కొత్తరెక్క | శుక్రవారం, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. ఇప్పటిదాకా భవనాలు, ఖాళీ స్థలాల వీడియోలే తీశాను. అక్కడ కదిలేది మన డ్రోన్ ఒక్కటే కాబట్టి పెద్ద టెన్షన్ ఉండేది కాదు. మొదటిసారి జనం ఉన్న పని వచ్చింది, పది కిలోమీటర్ల పరుగు పందెం. తెల్లారిన కాసేపటికి మొదలవుతుంది. దారి సరస్సు ఒడ్డునే సాగి, ఒక ఉక్కు వంతెన దాటి, మళ్లీ మొదలైన చోటికే వస్తుంది.

నిర్వాహకులు మూడు షాట్లు అడిగారు. పందెం మొదలవగానే జనం తలల మీదుగా, తక్కువ ఎత్తులో, ముందు నుంచి వెనక్కి దూసుకుపోవాలి. తర్వాత అందరికంటే ముందున్న రన్నర్ వెంట పడాలి. చివరిది, వంతెన కింద నుంచి దూరి అవతల పైకి లేస్తే పైన పరిగెత్తేవాళ్లు కనబడాలి.

డ్రోన్ సుమారు 900 గ్రాములు. 24 ఎంఎం (విశాలంగా చూపేది), 70 ఎంఎం (దూరాన్ని దగ్గరగా చూపే టెలీ) రెండు లెన్సులూ ఉన్నాయి. పైలట్ సర్టిఫికెట్, బీమా ఉన్నాయి. పర్మిషన్లు "మేం చూసుకుంటాం" అన్నారు. వాళ్ల మనసంతా మొదటి షాట్ మీదే ఉంది. ఎంత ఎత్తులో అయితే సేఫ్?

గాలివాటం | రాత్రి 8:58

ఎత్తు సంగతి తర్వాత. ముందు ఆ "మేం చూసుకుంటాం" ఏంటో తేల్చుకోండి. వాళ్లు తెచ్చేది రోడ్డుకీ మైదానానికీ పర్మిషన్. ఆకాశం వాళ్ల చేతిలో లేదు. ఎగరడానికి అనుమతి ఇచ్చేది మీ దేశపు పౌర విమానయాన అధికారులు. రేపు ఏదైనా జరిగితే రిమోట్ ఎవరి చేతిలో ఉందో వాళ్లనే అడుగుతారు. కాబట్టి కాగితం మీ కంటితో చూడండి, ఆ తేదీకీ ఆ చోటుకీ ఉందో లేదో చదవండి. బీమా పత్రం కూడా తీయండి. గుంపుల దగ్గర ఎగిరితే వర్తించదని ఎక్కడో చిన్నక్షరాల్లో ఉందేమో చూడండి.

ఇక మొదటి షాట్‌కి సేఫ్ ఎత్తు అంటూ ఏదీ లేదు. కిందగా ఎగిరితే తేరుకునే టైం ఉండదు. బాగా పైన ఎగిరితే పడే వేగం పెరుగుతుంది.

లెక్కలపిచ్చి | రాత్రి 9:20

ఆ చివరి మాటకు అంకెలు నేనిస్తా. 900 గ్రాముల డ్రోన్ 30 మీటర్ల నుంచి పడితే, గాలి నిరోధాన్ని పక్కన పెడితే, కిందికి చేరేసరికి సెకనుకు 24 మీటర్ల వేగం అందుకుంటుంది. గంటకు 87 కిలోమీటర్లు. శక్తి 265 జౌళ్ల దాకా ఉంటుంది. నిజంగా పడేటప్పుడు గాలి కొంత తగ్గిస్తుంది, కానీ ఆ తగ్గింపు చూసుకుని ఎవరి తల మీదా పెట్టలేం.

దీనికంటే జనం తక్కువగా ఆలోచించేది ఇంకోటుంది. ఎగురుతూ ఆగిపోయిన డ్రోన్ నిట్టనిలువుగా పడదు. 50 మీటర్ల ఎత్తులో సెకనుకు 10 మీటర్ల వేగంతో వెళ్తుండగా పవర్ పోయిందనుకోండి. నేలను తాకడానికి 3 సెకన్ల పైన పడుతుంది, ఆలోపు 32 మీటర్లు ముందుకు వెళ్లిపోతుంది. వెనక నుంచి గాలి ఉంటే ఇంకా ముందుకు. అందుకే "నేను జనం పైన లేను, పక్కన ఉన్నాను" అంటే సరిపోదు. ఎటు వెళ్తున్నారో ఆ వైపు నేల కూడా ఖాళీగా ఉండాలి. ఎంత ఎత్తులో ఉన్నానో గుంపు నుంచి కనీసం అంత దూరంలో ఉండటం నా కనీస లెక్క. వేగం పెరిగితే ఆ దూరం కూడా పెంచుతా.

మబ్బుచాటు | రాత్రి 9:41

అన్నా, మరీ ఇంత భయపడితే ఈ పనెందుకు? టీవీలో ఏ పోటీ చూసినా తలల మీదే తిరుగుతుంటాయి. నాలుగు మోటార్లూ ఒకేసారి ఆగిపోతాయా ఏంటి?

గాలివాటం | రాత్రి 10:05

నాలుగూ ఆగక్కర్లేదు తమ్ముడూ. మామూలు క్వాడ్‌కి (నాలుగు మోటార్ల డ్రోన్‌కి) ఒక్కటి ఆగినా గిరగిరా తిరుగుతూ వచ్చి పడుతుంది. ఆరు, ఎనిమిది మోటార్లవి ఒకటి పోయినా కొంత నిలబడగలవు. టీవీలో కనబడేది చాలాసార్లు తీగ మీద నడిచే కెమెరా, లేదా హెలికాప్టర్. డ్రోనే అయితే దారి ముందే గీసుకుని, జనాన్ని దూరం పెట్టి, ప్రత్యేక అనుమతితో ఎగరేస్తారు.

అయినా ప్రమాదాలు జరగలేదా? 2014 ఏప్రిల్‌లో పశ్చిమ ఆస్ట్రేలియాలోని జెరాల్డ్‌టన్‌లో ట్రయాథ్లాన్ తీస్తున్న డ్రోన్ పడి ఒక క్రీడాకారిణి తలకు గాయమైంది. ఇప్పుడు కొత్తరెక్క అడుగుతున్న పని లాంటిదే. 2015 డిసెంబరులో ఇటలీలోని మడోన్నా ది కాంపిల్యోలో స్లాలొమ్ స్కీయింగ్ ప్రపంచ కప్ జరుగుతుంటే, మార్సెల్ హిర్షర్ కిందికి దూసుకొస్తుండగా సరిగ్గా అతని వెనక పెద్ద కెమెరా డ్రోన్ కూలింది. క్షణం ముందు పడి ఉంటే అతని మీదే. అది టీవీ ప్రసారం కోసం ఎగరేసిందే, మన మబ్బుచాటు చెప్పిన బాపతే. ఆ తర్వాత అంతర్జాతీయ స్కీ సమాఖ్య తన పోటీల్లో కెమెరా డ్రోన్లను నిషేధించింది.

ఫ్రేములోకం | రాత్రి 10:30

భయపెట్టడం అయింది కాబట్టి షాట్ గురించి మాట్లాడుకుందాం. నిర్వాహకులకు తలల మీద ఎగరడం కావాలా, జనం వరదలా కదలడం కావాలా? రెండోదే అని నా అనుమానం. అడగడం మాత్రం మొదటిది అడిగారు, ఎందుకంటే ఎక్కడో చూశారు.

24 లెన్స్‌తో తల మీదుగా వెళ్తే నిజానికి జనం పలచగా కనబడతారు. విశాలమైన లెన్స్ మనుషుల మధ్య ఖాళీని సాగదీసి చూపిస్తుంది. అదే జనాన్ని 70తో, దూరం నుంచి, ఏటవాలుగా చూడండి. ముందువరస, వెనకవరస దగ్గరకొచ్చేసి, ఉన్నదానికి రెట్టింపు మంది ఉన్నట్టు ఉంటుంది. 24తో 20 మీటర్ల దగ్గరకు వెళ్తే ఫ్రేములో పట్టే 30 మీటర్ల వెడల్పు, 70తో సుమారు 60 మీటర్ల నుంచే పడుతుంది. అంటే మీరు వెనక్కి జరిగిన ప్రతి అడుగూ ఇటు జాగ్రత్త, అటు అందం. టెలీ లెన్స్‌ని జూమ్ కోసం అనుకుంటారు గానీ, జనం ఉన్న చోట నేను దాన్ని భద్రతా పరికరంగానే చూస్తాను.

నేనైతే సరస్సు వైపు, నీటి మీద ఉంటాను. కింద మనుషులు ఉండరు. పందెం మొదలయ్యే ముందే అక్కడ నిలబడి, రికార్డింగ్ ఆన్ చేసి, వాళ్లతో సమాంతరంగా సెకనుకు 3, 4 మీటర్ల వేగంతో కదులుతాను. ఒడ్డున చెట్లుంటే ఇంకా మంచిది. ముందు చెట్లు వేగంగా, వెనక జనం నెమ్మదిగా జారుతుంటే లోతు దానంతటదే వస్తుంది. వేగం డ్రోన్‌ది కాదు, ముందున్న వస్తువుది. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మనుషుల దగ్గరకు పోవాలన్న యావ సగం తగ్గుతుంది.

నీటిమీద | రాత్రి 10:52

సరస్సు అన్నారు కాబట్టి నేను దూరాల్సిందే. నీటి మీద డ్రోన్ అడుగున ఉండే సెన్సర్లను నమ్మొద్దు. అవి కింద కనబడే ఆకృతులను చూసి స్థానం పట్టుకుంటాయి. అలలు కదిలితే నేలే కదులుతోందనుకుంటాయి, నిశ్చలంగా మెరిసే నీరైతే ఎత్తు తప్పు చదవొచ్చు. బాగా కిందికి దిగి అద్దంలాంటి నీటి మీద పోయే షాట్ ఆశపెడుతుంది, వద్దు. ఒడ్డు చెట్ల కంటే పైన ఉండండి.

హోమ్ పాయింట్ (డ్రోన్ తనంతట తిరిగొచ్చే చోటు) ఒడ్డున గట్టి నేల మీద నమోదైందో లేదో మ్యాప్‌లో చూశాకే బయల్దేరండి. శాటిలైట్లు దొరక్కముందే తొందరపడి లేస్తే, అవి తర్వాత ఎక్కడ దొరికితే అక్కడే హోమ్ అని డ్రోన్ అనుకుంటుంది. అది నీటి మధ్య కావచ్చు.

గాలిని కూడా చూసుకోండి. ఒడ్డున చెట్ల చాటున ఏమీ తెలియదు, పైకి వెళ్లేకొద్దీ గాలి పెరుగుతుంది. వెళ్లేటప్పుడు ఎదురుగాలికి వెళ్లి, వచ్చేటప్పుడు దాంతో పాటు వచ్చేలా ప్లాన్ చేసుకోండి. తిరగేసి చేస్తే సగం బ్యాటరీతో వెళ్లిన దూరానికి మిగతా సగం సరిపోదు.

కొత్తరెక్క | రాత్రి 11:10

ఫ్రేములోకం గారూ, ఆ 70 లెన్స్ లెక్క నాకు తట్టనే లేదు, థాంక్స్. వంతెన షాట్ గురించి ఎవరూ మాట్లాడలేదేంటి?

నీటిమీద | రాత్రి 11:24

ఎందుకంటే మూడింటిలో అదే నన్ను ఎక్కువ భయపెడుతోంది. మీ డ్రోన్ వంతెన కింద ఉండగా సిగ్నల్ తెగిందనుకోండి. రిటర్న్ టు హోమ్, అంటే తనంతట హోమ్ పాయింట్‌కి తిరిగి రావడం, మొదలవుతుంది. ముందు అది చేసే పని మీరు పెట్టిన ఎత్తుకు నేరుగా పైకి లేవడం. పైన ఏముంది? వంతెన. పై వైపు సెన్సర్ ఉన్నవి ఆగొచ్చు, కానీ చీకటి నీడలో ఉక్కు దూలాలను అది ఎంత చూస్తుందో పందెం కాయకండి. అందుకే ఆ ఒక్క ఫ్లయిట్‌కి సిగ్నల్ పోతే ఏం చెయ్యాలన్న సెట్టింగ్‌ని "ఉన్నచోటే నిలబడు"కి మార్చండి. సిగ్నల్ పోతే మీరే నడిచి దగ్గరకు వెళ్లాలి. పని అవగానే సెట్టింగ్ మళ్లీ వెనక్కి మార్చడం మర్చిపోవద్దు, నీటి మీద మిగతా షాట్లకు రిటర్న్ టు హోమే కావాలి.

రెండో గొడవ, పైనున్న వంతెన శాటిలైట్ల సిగ్నల్‌ని మూసేస్తుంది. జీపీఎస్ పోతే డ్రోన్ గాలి ఎటు తోస్తే అటు జారుతుంది, బ్రేక్ ఉండదు. మూడోది ఉక్కు. దిక్సూచి తికమక పడితే డ్రోన్ పెరుగుతున్న వలయాల్లో తిరగడం మొదలెడుతుంది. టేకాఫ్ కూడా వంతెన మీద నుంచో, కారు టాప్ మీద నుంచో, ఇనుప చువ్వలున్న కాంక్రీట్ మీద నుంచో వద్దు.

గాలివాటం | రాత్రి 11:31

దీనికి తోడు, పైన మనుషులు పరిగెత్తుతుంటే కింద నుంచి పైకి లేచే డ్రోన్ రెయిలింగ్ దాటేదాకా వాళ్లకు కనబడదు. ఉలిక్కిపడి ఒకరు ఆగితే వెనక పదిమంది గుద్దుకుంటారు. ఎవర్నీ తాకకుండానే ప్రమాదం చేసినట్టు.

ఫ్రేములోకం | రాత్రి 11:46

ఎడిటింగ్ అనేది ఒకటుందని మర్చిపోతున్నాం. ముందురోజు అదే టైంకి వెళ్లండి. వెలుగు అదే దిక్కు నుంచి వస్తుంది. ఖాళీ వంతెన పక్కగా, నీటి మీద నుంచి లేచి పైకి వచ్చే షాట్ తీయండి. కిందకు దూరకపోయినా దూలాల అంచు ఫ్రేములో పై నుంచి జారిపోతే దూరినట్టే ఉంటుంది. పందెం రోజున దూరంగా 70తో వంతెన మీద రన్నర్లను తీయండి. దూలం ఫ్రేమును కప్పేసిన క్షణంలో కట్ చేసి రెండూ కలపండి. చూసేవాళ్లకు ఒకే షాట్.

గింగిరాలు | శనివారం, ఉదయం 6:15

ఎఫ్‌పీవీ వాణ్ణి (కళ్లద్దాల్లో డ్రోన్ కెమెరా దృశ్యం చూస్తూ ఎగరేసే రకం), రెండో షాట్ నాది. వెంబడించడం అనగానే అందరూ ఎఫ్‌పీవీ తెచ్చుకోవాలంటారు. మీ పందెం కోసం మొదలెట్టొద్దు. అందులో స్టిక్ వదిలేస్తే నిలబడదు, చాలావాటికి అడ్డంకులు చూసే సెన్సర్లే ఉండవు. కళ్లద్దాలు పెట్టుకున్న పైలట్‌కి చుట్టూ ప్రపంచం కనబడదు, అందుకే పక్కన డ్రోన్‌ని కంటితో చూసే మనిషి ఉండాలి. సిమ్యులేటర్‌లో చాలాకాలం కూలి, తర్వాత ఖాళీ పొలాల్లో కూలి, ఆ తర్వాతే జనం.

మీ మామూలు డ్రోన్‌లో ఆటోమేటిక్ ట్రాకింగ్ వాడదామని ఉందేమో. రన్నర్లు ఒకరినొకరు దాటుతుంటారు, ఒకే రంగు బనియన్లు ఉంటాయి. అది వేరే మనిషిని పట్టుకుంటుంది, లేదా చెట్టు అడ్డొచ్చి అర్ధంతరంగా పక్కకు తిరుగుతుంది. సన్నని తీగలు, ఆకుల్లేని కొమ్మలు సెన్సర్లకు కనబడవని లెక్కేసుకోవాలి. ఇంకో చిక్కు, వేగం చాలట్లేదని స్పోర్ట్ మోడ్‌కి మారిస్తే చాలా డ్రోన్లలో అడ్డంకుల సెన్సింగ్ ఆగిపోతుంది. కెమెరా తిప్పుకుని పక్కకు ఎగిరేటప్పుడు పక్క సెన్సర్లు మీ మోడల్‌కి ఉన్నాయో లేదో కూడా చూసుకోండి. చాలామంది గుద్దేది ముందుకు పోతూ కాదు, వెనక్కో పక్కకో పోతూ.

ఆ షాట్ నేల మీద నుంచి సైకిల్ మీద కూర్చుని చేతి గింబల్‌తో (కెమెరా ఊగకుండా పట్టే పరికరంతో) తీస్తేనే బాగుంటుంది. డ్రోన్ గ్రూపులో ఈ మాట అన్నందుకు తిట్టుకోండి.

మబ్బుచాటు | ఉదయం 7:02

తిట్టను గానీ, సైకిల్ గింబల్ మాట మాత్రం ఒప్పుకోను. సరస్సు వైపు నుంచి పక్కగా తోడు వెళ్తే లీడర్ షాట్ హాయిగా వస్తుంది. మాన్యువల్‌గానే, 70తో. గింబల్ స్పీడ్, యా స్పీడ్ (డ్రోన్ తన చుట్టూ తాను తిరిగే వేగం) సగానికి తగ్గించి, స్టిక్ కొద్దిగా కదిపితే మెల్లగా స్పందించేలా ఎక్స్‌పో సెట్టింగ్ పెట్టుకుంటే కదలిక మెత్తగా వస్తుంది. అది చేతకాకపోతే నేర్చుకోవాలి, సైకిల్ ఎక్కకూడదు.

గింగిరాలు | ఉదయం 7:10

ఇది మంచి మాట. ఒప్పుకున్నా. ఒకటి కలుపుతా: ప్రతి షాట్‌కి ముందు ఐదు సెకన్లు, తర్వాత ఐదు సెకన్లు కదలకుండా పట్టండి. ఎడిటర్ మిమ్మల్ని దీవిస్తాడు.

కొత్తరెక్క | ఉదయం 8:33

ఉదయం బాగా చలిగా ఉంటుంది. బ్యాటరీ గురించి ఏమైనా?

లెక్కలపిచ్చి | ఉదయం 8:50

చలిలో లిథియం సెల్ లోపలి నిరోధం పెరుగుతుంది. తెరమీద 60 శాతం చూపిస్తూనే స్టిక్ గట్టిగా తోసినప్పుడు వోల్టేజి ధబాల్న పడుతుంది. సెల్ నిండుగా ఉంటే 4.2 వోల్టులు, సగటు 3.7. ఎగురుతుండగా ఒక సెల్ 3.5 కంటే దిగిందంటే ఇంటికి రావాల్సిన టైం అని నేననుకుంటా. శాతం కంటే సెల్ వోల్టేజి నిజం చెబుతుంది. చాలా యాప్‌లలో ఉంటుంది, వెతికి తెరమీద పెట్టుకోండి.

బ్యాటరీలను లోపలి జేబులోనో వెచ్చని బ్యాగులోనో ఉంచి 20 డిగ్రీల దగ్గర ఉండగా పెట్టండి. లేచాక ఒక నిమిషం నిలబెట్టి ఉంచితే అది తనంతట వేడెక్కుతుంది. నీటి మీద కాబట్టి 30 శాతానికే వెనక్కి. కొంచెం ఉబ్బినా ఆ బ్యాటరీకి ఆ రోజుతో సెలవు. "ఈ ఒక్కసారికి" అనొద్దు.

దింపేటప్పుడు నిట్టనిలువుగా వేగంగా దింపకండి. తన రెక్కలు తోసిన గాలిలోకి తానే దిగి ఊగిపోతుంది. కాస్త ముందుకో పక్కకో జారుతూ దింపితే ఆ బాధ ఉండదు.

ఫ్రేములోకం | ఉదయం 9:15

కెమెరా సంగతి గబగబా. సెకనుకు 25 ఫ్రేములైతే షట్టర్ 1/50, 30 అయితే 1/60. తెల్లారాక వెలుగు నిమిషనిమిషానికి పెరుగుతుంది కాబట్టి ఎన్‌డీ ఫిల్టర్లు (లెన్స్‌లోకి వచ్చే వెలుగును తగ్గించే గాజులు) 8, 16, 32 దగ్గర పెట్టుకోండి. ఒక్కోదానికీ ఒక స్టాప్ తేడా, అంటే వెలుగు సగానికి తగ్గుతుంది. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదిలితే నీటి మీద నుంచి జనం వైపు తిరిగేసరికి రంగు మారిపోతుంది, లాక్ చెయ్యండి. పోలరైజర్ (మెరుపును తగ్గించే ఫిల్టర్) వద్దు. డ్రోన్ తిరిగేకొద్దీ ఆకాశం ఒక పక్క నల్లగా, ఒక పక్క తెల్లగా అవుతుంది. సూర్యుడికి ఎదురుగా ఎగిరేటప్పుడు రెక్కల నీడ లెన్స్ మీద గీతల్లా కొట్టుకుంటుంది, కోణం కొద్దిగా మార్చితే పోతుంది. లాగ్‌లో (రంగులు తర్వాత సరిచేసుకునేలా పాలిపోయినట్టు రికార్డయ్యే మోడ్‌లో) తీయడం ఆ సరిచేసే ఓపిక ఉంటేనే. లేకపోతే పాలిపోయిన వీడియో ఇచ్చి "సినిమాటిక్" అనాల్సి వస్తుంది.

నిర్వహణ (గ్రూప్ అడ్మిన్) | ఉదయం 9:40

ఎత్తు పరిమితిని, నిషిద్ధ ప్రాంతాల లాక్‌ని ఎలా తీసెయ్యాలో వివరించిన ఒక పోస్టును తొలగించాం. ఎవరిదో వాళ్లకు తెలుసు. చర్చ బాగా నడుస్తోంది, ఇలాగే నడవనివ్వండి.

గాలివాటం | ఉదయం 10:04

మంచిపని చేశారు. ఆ 120 మీటర్ల పరిమితి చాలా దేశాల్లో ఉన్నది పైలట్లను ఏడిపించడానికి కాదు, దాని పైన మనుషులున్న విమానాలు తిరుగుతాయని. ఈ పందెంలో అంబులెన్స్ హెలికాప్టర్ వచ్చే అవకాశం ఉందేమో నిర్వాహకులను అడగండి. వస్తే అది 120 మీటర్ల కిందికే దిగుతుంది. చప్పుడు వినగానే మీరు ముందు కిందికి, తర్వాత ఒడ్డుకి. ఎటు నుంచి వస్తుందో వెతుకుతూ పైన నిలబడొద్దు. 2025 జనవరిలో లాస్ ఏంజెలెస్ దగ్గర పాలిసేడ్స్ కార్చిచ్చును ఆర్పుతున్న విమానం రెక్కకు ఒక చిన్న డ్రోన్ తగిలి చిల్లు పడింది, మంట ఆర్పాల్సిన విమానం రిపేరుకి వెళ్లింది.

కొత్తరెక్క | రాత్రి 7:20

నిర్వాహకులతో మాట్లాడాను. వంతెన ముందురోజు తీయడానికి సరే అన్నారు. లీడర్‌ని సరస్సు వైపు నుంచి తీయడానికీ సరే. మొదటి షాట్ దగ్గరే "ఇంకొకతను చేస్తానంటున్నాడు" అన్నారు. ఏమనాలో తెలియక రేపు చెప్తానన్నాను.

ఫ్రేములోకం | రాత్రి 7:38

మాటలతో గెలవలేరు. రేపు ఏదైనా ఖాళీ రోడ్డు పక్క నుంచి 24తోనూ, 70తోనూ ఒకే కదలిక తీసి రెండు క్లిప్పులూ పక్కపక్కన పెట్టి పంపండి. జనం లేకపోయినా తేడా కనబడుతుంది. నిబంధనల పుస్తకం చదివి వినిపిస్తే వాళ్లకు మీరు అడ్డంకిగా కనబడతారు, క్లిప్ పంపితే కెమెరామన్‌గా కనబడతారు.

గాలివాటం | రాత్రి 7:55

క్లిప్ పంపాక కూడా ఆ ఇంకొకతనే కావాలంటే వదిలెయ్యండి. కానీ ఒకే ఆకాశంలో ఇద్దరు ఎగరడానికి మాత్రం ఒప్పుకోవద్దు, అలా ఏమైనా ప్లాన్ చేస్తున్నారేమో అడగండి. ఒప్పందంలో ఒక వాక్యం రాయించండి: ఎగరాలా వద్దా అన్నది పైలట్ నిర్ణయం, గాలి వల్లో వాన వల్లో ఎగరకపోతే నేల మీద నుంచి తీసి ఇస్తాం. డబ్బు సంగతి కూడా అక్కడే తేల్చుకోండి, లేకపోతే ఆ రోజు గాలి వేగాన్ని మీ జేబు నిర్ణయిస్తుంది.

కొత్తరెక్క | ఆదివారం, మధ్యాహ్నం 1:15

క్లిప్పులు పంపాను. 70ది చూసి "ఇది కూడా తల మీద నుంచే కదా" అన్నారు! ఒప్పుకున్నారు. ఇంకో డ్రోన్ లేదట, ఆ వాక్యం కూడా ఒప్పందంలో పడింది. అధికారుల అనుమతి కాగితం మంగళవారం చేతికిస్తామన్నారు. అది రాకపోతే సైకిలే.

చివరి ప్రశ్న. తమ్ముణ్ణి పక్కన నిలబెడుతున్నా, డ్రోన్‌ని చూస్తూ ఉండటానికి. వాడికేం చెప్పాలి?

నీటిమీద | ఆదివారం, మధ్యాహ్నం 1:32

తెర వైపు చూడొద్దని చెప్పండి. అందరూ చేసేదదే, వీడియో బాగుందని తలతిప్పి చూస్తారు. ఆకాశం, డ్రోన్, డ్రోన్ కింద నేల, ఈ మూడే. "అటు, ఇటు" కాదు, "సరస్సు వైపు", "రోడ్డు వైపు" అనాలి, ఎందుకంటే డ్రోన్ తిరిగి ఉన్నప్పుడు మీ కుడి దాని కుడి కాదు. "ఆపు" అంటే స్టిక్ వదిలెయ్యాలి, "పైకి" అంటే పైకి. పక్షి మీదికొస్తే కూడా పైకే, చాలా పక్షులు అంత వేగంగా నిలువుగా లేవలేవు. వీలైతే ముందురోజు వంతెన దగ్గరకు వాణ్ణి కూడా తీసుకెళ్లి ఈ మాటలతోనే ఎగరేసి చూడండి.

గింగిరాలు | ఆదివారం, మధ్యాహ్నం 1:40

పందెం మొదలైన షాట్ అవగానే దింపి మెమరీ కార్డు మార్చెయ్యండి. తర్వాత డ్రోన్ సరస్సులో పడినా అసలు షాట్ జేబులో ఉంటుంది.